కృష్ణాతీరమున 'బ్యాంకు': ఒక ఆంగ్లపదము, పెక్కు తెలుగు మాటలు

భాషాంతరీకరణమున కష్టమైన పదములన్నియు శాస్త్రపరిభాషయందే యుండునని పలువురు తలంతురు. మా యనుభవము వేఱు. పరిభాషాపదమునకు నిర్వచన మొకటి యుండును. ఆ నిర్వచనమును పట్టుకొని సమానపదమును వెదకవచ్చును, దొరకనిచో కల్పింపవచ్చును. నిజమైన చిక్కు అతిసామాన్యముగా కనబడు చిన్నమాటలతోడనే వచ్చును. నేల, నీరు, మిట్ట, పల్లము మున్నగువానిని తెలుపు మాటలు ఏ భాషయందైనను ఆ భాష పుట్టి పెరిగిన భూమినుండి మొలచినవి. ఒకచోటి భూమి మఱియొకచోటి భూమివలె నుండదు గనుక, ఒకచోటి మాట మఱియొకచోటి మాటకు సరిగా నతుకదు. ఇందుకు నిదర్శనముగా 'బ్యాంకు' అను ఆంగ్లపదమును గైకొని, విజయవాడనుండి సముద్రమువఱకు గల కృష్ణా డెల్టాలో దానికి ఏ తెలుగు మాట ఎక్కడ సరిపోవునో, ఎక్కడ సరిపోదో ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

'బ్యాంకు' అనగానే తెలుగువానికి స్ఫురించునది ధనము దాచుకొను చోటు. కృష్ణా మండలమున ఈ యర్థము మఱింత గట్టిగా నాటుకొన్నది. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. 2020 ఏప్రిల్ 1వ తేదీన అది యూనియన్ బ్యాంకులో విలీనమగువఱకు దాదాపు నూఱేండ్లు ఆ పేరు ఈ సీమవారి నాలుకలమీద నాడినది. అందుచే ఏటికి సంబంధించిన 'బ్యాంకు' తెలుగున ఎఱువుమాటగా నిలువలేకపోయినది. కాలువ, లాకు మొదలగువానితో పనిచేయువారు ఇంగ్లీషు మాటలను ఎన్నిటినో తెలుగు చేసికొన్నారు. 'లాకు' అట్టిదే. కాని 'బ్యాంకు మీద నడచితిని' అని చెప్పిన రైతును మేమెఱుగము. ఎఱువుమాట చేరుటకు ఆ చోటు ఖాళీగా లేదు. ధనార్థము ఒకవైపున దానిని ఆక్రమించియుండగా, రెండవవైపున దేశిపదములు అప్పటికే బలముగా నిలిచియుండెను.

ఇంగ్లీషున ఈ రెండు 'బ్యాంకు'లును దూరపు చుట్టములే. మూలమునందు ఈ పదము ప్రాచీన జర్మానిక భాషలకు చెందినది. ఎత్తుగా, పొడవుగా నుండు తిన్నె వంటిది దాని మొదటి యర్థము. ఉత్తరదేశపు నావికుల భాషద్వారా ఇంగ్లీషునకు వచ్చి అది ఏటిగట్టైనది. అదే మూలము ఇటలీకి పోయి కూర్చుండు బల్ల యైనది. ఆ బల్లపై నాణెములు పఱచి మార్పిడి చేయు వర్తకులవలన ధనాగారమైనది. అనగా ఎత్తైన మట్టిబారు ఒకటి ఒకదారిని ఏటియొడ్డునకును, వేఱొకదారిని వడ్డీవ్యాపారమునకును చేరినది. పద మొకటియే యైనను అర్థములు ఇట్లు చీలిపోవునని తెలిసికొనుటకు ఈ చరిత్రము చాలును.

ఇక ప్రకృతమునకు వత్తము. పరీక్షార్థము మేమొక వాక్యమును కూర్చితిమి. ఆంగ్లమున దీనియందలి నామపదము లైదును 'బ్యాంకు' అనియే యుండవచ్చును. ఆ పదమును మార్పక వ్రాసిన ఇట్లుండును: "వఱదనీరు బ్యాంకును కోయుచు వచ్చి, బ్యాంకును తెంచి, పొలముల బ్యాంకులను ముంచగా, బ్యాంకున నుండువారు బ్యాంకు మీదికి చేరిరి." నిఘంటువును తెఱచి మొదటి సమానపదమును గైకొను అనువాదకుడు ఐదుచోట్లను 'ఒడ్డు' అని వ్రాయును. అప్పుడు ఒడ్డున నుండువారు ఒడ్డుమీదికి చేరిరని యగును. వ్యాకరణదోషము లేదు, అర్థమే లేదు. డెల్టాలో పుట్టినవా డెవ్వడును ఇట్లు చెప్పడు. అతడు ఏమని చెప్పునో ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది ఒడ్డు. నీరును నేలయు కలియుచోటు ఒడ్డు. దానిని ఎవరును కట్టలేదు. ఏరే దానిని చేయును, ఏరే దానిని మార్చును. వేసవిలో నీరు తగ్గిన ఒడ్డు లోపలికి జరుగును. వఱదలో పైకి వచ్చును. అందుచే ఒడ్డునకు తగిన క్రియ వేఱు. ఒడ్డు కోసికొనిపోవును, విఱిగి పడును, నీరు దానిని ఒరసికొని పోవును. 'ఒడ్డు తెగినది' అని తెలుగువాడనడు. తెగుటకు అది కట్టినది కాదు గదా! సంస్కృతము నుండి వచ్చిన 'తీరము' ఒడ్డునకు గౌరవరూపము వంటిది. 'దరి' అను మాటయు ఈ కుటుంబములోనిదే. కాని నేటి వాడుకలో అది ఏటినుండి చాలవఱకు దూరమై 'దరిచేరు', 'దరిదాపు' మున్నగు పలుకుబళ్లలో నిలిచినది. 'రేవు' ఒడ్డున ఒక భాగము మాత్రమే. మనుష్యులును పడవలును నీటిని చేరు చోటు.

రెండవది గట్టు. ఈ మాట వ్యాప్తి విశాలమైనది. రాయలసీమయందును తెలంగాణమునందును పెక్కుచోట్ల గట్టనగా కొండయే. కృష్ణా డెల్టాలో కొండలు లేవు. విజయవాడ కడ ఇంద్రకీలాద్రియు, ఆవలి యొడ్డున ఉండవల్లి కొండయు దాటినపిమ్మట సముద్రమువఱకు నేల చదునే. కావున ఇచ్చట గట్టు చిన్నదై కాలువగట్టు, పొలముగట్టు అయినది. రెండు మడుల నడుమ మూరెడు వెడల్పున నుండునదియు గట్టే; బందరు కాలువకు ప్రక్కగా బండ్లు నడచు వెడల్పున నుండునదియు గట్టే. ఈ రెంటికిని సమానధర్మ మేమనగా, చుట్టునున్న నేలకన్న ఎత్తుగా నుండుట, దానిపై మనుష్యుడు నడువగలుగుట. కాలువలలో పడవలు సాగిన కాలమున గట్టుమీద నడచుచు త్రాటితో పడవను లాగెడివారు. గట్టు నడకకు సంబంధించినది; ఒడ్డు నిలుకడకు సంబంధించినది. కనుకనే ఆపదనుండి బయటపడినవానిని 'గట్టెక్కినాడు' అందుము. ఎక్కుటకు ఎత్తు కావలెను.

మూడవది కట్ట. 'కట్టు' అను క్రియనుండి పుట్టినది గనుక మానవుని చేయి అందు స్పష్టముగా నున్నది. చెఱువుకట్ట, ఆనకట్ట, కరకట్ట అను సమాసములు మన సీమలో ప్రసిద్ధములు. వీనిలో కరకట్ట ఇంగ్లీషున 'వఱద బ్యాంకు'గా వ్యవహరింపబడునది. 'కర' యనునది తమిళమునందలి 'కరై' అను తీరవాచకమునకు బంధువని తోచుచున్నది. అట్లైన కరకట్ట యనగా తీరమునకు కట్టిన కట్ట. ఆంగ్లమున ఒక్క పదమున కలిసిపోయిన రెండర్థములు తెలుగున రెండు భాగములుగా విడివడి కనబడుచున్నవి. కరకట్ట ఏటియొడ్డున నుండదు; ఒడ్డునకు కొంతదూరమున, ఏరు పొంగినపుడు పఱచుకొనుటకు చోటు విడిచి, ఊళ్లవైపున నుండును. ఈ విడిచిన చోటనే లంకపొలములును ఇసుకయు నుండును. కట్టకు తగిన క్రియ 'తెగుట'. తెగినచోట ఏర్పడునది 'గండి'.

కావున మన పరీక్షావాక్యము తెలుగున ఇట్లు కావలెను: "వఱదనీరు ఒడ్డును కోయుచు వచ్చి, కరకట్టను తెంచి, పొలముగట్లను ముంచగా, ఏటియొడ్డువారు కట్టమీదికి చేరిరి." ఒకే పదము మూడు మాటలుగా విడిపోయినది. విడిపోగా వాక్యము తేటపడినది. ఎవరు ఎచ్చటనుండి ఎచ్చటికి పోయిరో కండ్లకు కట్టుచున్నది.

ఇన్ని మాటలు ఈ సీమకు ఏల కావలసివచ్చెనో భూమిని చూచిన తెలియును. మెట్టసీమయందు ఏరు లోయలో పాఱును. ఊరినుండి ఏటికి పోవుటయనగా దిగుట. డెల్టాలో ఇది తలక్రిందగును. ఏరు యుగయుగములుగా తన వండలిని ఇరుప్రక్కల పోసికొని, తన దారిని తానే ఎత్తుచేసికొన్నది. ఏటిప్రక్క నేల మెరక. ఏటికి దూరమైనకొలది పల్లము. కాలువలను మెరకవెంబడి త్రవ్వి, మురుగుకాలువలను పల్లమువెంబడి త్రవ్వుటలోని రహస్య మిదియే. 1852లో ఆరంభమై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట నీటిని ఈ మెరకలమీదికి మళ్లించినది. ఆనకట్ట 1952లో తెగిపోగా దాని స్థానమున నిర్మితమైన ప్రకాశం బ్యారేజి 1957నుండి ఆ పనినే చేయుచున్నది. ఎడమవైపున బందరు, ఏలూరు, రైవస్ కాలువలును, కుడివైపున కొమ్మమూరు కాలువయు ఈ నీటిని కొనిపోవుచున్నవి. ఇట్టి భూమిలో ఒడ్డున నిలిచినవానికి ఇరుదిక్కుల దిగుడే. ఒకవైపు ఏరు, ఒకవైపు ఊరు. ఎత్తైన బారు ఒక్కటియే వానికి రక్ష. ఆ బారునకు పేరు స్పష్టముగా నుండవలె నను పట్టుదల ప్రజలయందు కలుగుటలో వింత లేదు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను నిఘంటువులు 1852 మొదలు 1854వఱకు వెలువడినవి. అనగా మచిలీబందరున కొంతకాలము కొలువుండిన ఆ పండితుని గ్రంథములు అచ్చుపడుచున్న యేండ్లలోనే కృష్ణకు ఆనకట్ట లేచుచుండెను. కాలువల వ్యవస్థయు, దానితోడి గట్ల వ్యవహారమును ఈ సీమయందు విస్తరిల్లినది ఆ పిమ్మటనే. నిఘంటువు ఎంత గొప్పదైనను అది తన కాలపు నేలను చూపును. నేల మారిన మాటల పొత్తును మారును. అనువాదకుడు నిఘంటువుతో పాటు కాలువగట్టుమీద కూడ నడువవలెనని మేమనుట ఇందుకే.

నీటిలోపలి 'బ్యాంకు' మఱియొకటి గలదు. ఇసుక పేరుకొని నీటిమట్టమునకు దగ్గఱగానో, పైకినో లేచినదానిని ఆంగ్లమున 'ఇసుక బ్యాంకు' అందురు. ఇచ్చట ఒడ్డు, గట్టు, కట్ట మూడును పనికిరావు. ఇసుక పేరుకొను క్రియను చెప్పదలచినపుడు 'మేట', దాని రూపమును చెప్పదలచినపుడు 'తిన్నె' లేక 'దిబ్బ', సముద్రసమీపమున 'తిప్ప' అనుట యుక్తము. దివిసీమ కొసన పాలకాయతిప్ప అను ఊరిపేరు ఈ చివరిదానికి సాక్ష్యము. మేట పెరిగి మొలక కెక్కి సేద్యమునకు వచ్చిన లంక యగును. పులిగడ్డ కడ కృష్ణ చీలి పాయలనడుమ నిలిపిన పెద్దభూమి 'దివి' అయినది. ఇది సంస్కృత 'ద్వీప' శబ్దమునుండి వచ్చినది. అవనిగడ్డ, పులిగడ్డ అను పేర్లలోని 'గడ్డ' ఎత్తైన నేలను తెలుపును. విజయవాడలోని కృష్ణలంక పేరునందు మాత్రమే నేడు లంక. అది ఇండ్లతో నిండిన పేట. ఊరిపేర్లను పటమువలె చదువుకొనవచ్చును. ఏరు ఎచ్చట మేట వేసినదో, ఎచ్చట మెరక నిలిపినదో వానియందు వ్రాసియున్నది.

'ఎడమ బ్యాంకు', 'కుడి బ్యాంకు' అను ప్రయోగములు వేఱొక చిక్కు. ఏరు పాఱు దిక్కునకు మొగముంచి నిలిచినవాని ఎడమకుడులు ఇవి. ఇంజనీరుకు ఇది మాఱని గుఱుతు. ఆ లెక్కన విజయవాడ ఎడమవైపునను, సీతానగరము, ఉండవల్లి కుడివైపునను ఉన్నవి. కాని పల్లెవాని భాషలో ఒడ్డు మాటాడువానిని బట్టి మాఱును. తానున్నది 'ఇవతలి యొడ్డు', ఎదురుగా నున్నది 'ఆవలి యొడ్డు'. శ్రీశైలము కడ 'ఎడమగట్టు', 'కుడిగట్టు' అను అనువాదములు స్థిరపడినవి. అచ్చట కృష్ణ కొండల నడుమ పాఱును. గట్టునకు కొండ యను నర్థము గలదు గనుక ఆ మాట అచ్చట చక్కగా నమరినది. దానినే డెల్టాలో వాడినచో వినువాడు కాలువగట్టును తలచును. నాగార్జునసాగరమునకు 'ఎడమ కాలువ', 'కుడి కాలువ' అని 'బ్యాంకు'ను పూర్తిగా విడిచిపెట్టుట చక్కని తెలివి. అనువాదమున ఒక్కొక్కప్పుడు ఉత్తమమైన సమానపదము మౌనమే.

ఈ చిక్కు తెలుగున కొక్కదానికే కాదని చూపుటకు జర్మను భాషను చూతము. తెలుగునకును జర్మనునకును పొత్తు నేటిది కాదు. జర్మనుడైన బెంజమిన్ షుల్‌ట్సె 1728లో తెలుగు వ్యాకరణమును రచించెను. 1746 ప్రాంతమున జర్మనీలోని హాలె నగరమున తెలుగు పొత్తములు అచ్చయినవి. ఆ భాషలో ఆంగ్లపు 'బ్యాంకు'నకు సమానపద మొకటి లేదు. ఏటియొడ్డు 'ఊఫర్', వాలుగా నున్న మట్టిప్రక్క 'బోషుంగ్', వఱదనాపు కట్ట 'డైష్', ఎల్లప్పుడు నీటిని మోయు కట్ట 'డామ్', పొలముగట్టు 'రైన్', ఇసుకతిన్నె మాత్రమే 'జాండ్‌బాంక్'. విడిగా 'బాంక్' అన్నచో కూర్చుండు బల్లయో, ధనాగారమో యగును. బహువచనమున బల్లలు 'బెంకె', ధనాగారములు 'బాంకెన్' అయి వేఱుపడును. మన ఇంజనీర్లు ఇంగ్లీషున వాడు 'బండ్' అను మాట పారసీకమునుండి హిందుస్తానీద్వారా వచ్చినది. దానిని చూచి జర్మనుడు తన 'బుంట్' అనుకొన్న కట్టకు బదులు రాష్ట్రసమాఖ్య తలపునకు వచ్చును.

ఇందు మాకు మిక్కిలి ఉపకరించినది డైష్‌ – డామ్‌ల భేదము. ఏడాదిలో వఱదరోజులందు మాత్రము నీరు తాకునది డైష్. నిత్యము నీరు తాకియుండునది డామ్. మన కరకట్ట మొదటిది, చెఱువుకట్ట రెండవది. తెలుగున ఈ రెండును 'కట్ట'లే యైనను, సమాసపు మొదటిభాగము భేదమును కాపాడుచున్నది. జర్మనులు వేఱు ధాతువులతో చేసిన పనిని మనము సమాసములతో చేయుచున్నాము. కావున కరకట్టను జర్మనునకు మార్చువాడు ఆంగ్లపు 'బ్యాంకు' మీదుగా పోరాదు. తెలుగునుండి నేరుగా 'డైష్'నకు పోవలెను. ఆంగ్లమున ఒకమాఱు కలిసిపోయిన అర్థములను మరల విడదీయుట కష్టము.

ఇది పండితుల కాలక్షేపము మాత్రమే యని తలపరాదు. ప్రాణములు దీనిపై నాధారపడియున్నవి. 1977 నవంబరు 19వ తేదీన తుపాను ఉప్పెన దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను బలిగొన్నది. 2009 అక్టోబరున ప్రకాశం బ్యారేజి కడ సెకనుకు 11 లక్షల ఘనపుటడుగులకు పైగా వఱద ప్రవహించినది. కుడివైపు కరకట్టకు గండి పడి నేటి బాపట్ల జిల్లాలోని ఊళ్లు మునిగినవి. 2024 సెప్టెంబరు మొదట బ్యారేజి కడ ప్రవాహము 11.43 లక్షల ఘనపుటడుగుల కెక్కినది. ఆ దినములయందే బుడమేటి కట్టకు గండ్లు పడి విజయవాడ నగరపు ఉత్తరభాగము దినములతరబడి నీట నుండెను. గండ్లను పూడ్చుటకు సైన్యమును రప్పింపవలసివచ్చెను. కృష్ణయొడ్డున కృష్ణలంకను రక్షణగోడ కాపాడినది. ముంచినది కృష్ణ కాదు, బుడమేరు. 'ఏటి బ్యాంకు తెగి నగరము మునిగినది' అని ఆంగ్లమున చదివి, 'కృష్ణయొడ్డు తెగినది' అని తెలుగు చేసినవాడు ఏటిని తప్పినాడు, కట్టను తప్పినాడు.

ఇంతకన్న అపాయకరమైనది హెచ్చరికల అనువాదము. 'బ్యాంకుమీద నున్నవారు సురక్షితస్థలములకు పోవలెను' అని ఆంగ్లమున నున్నదనుకొందము. దీనిని 'గట్టుమీద నున్నవారు' అని తెలుగు చేసినచో వినువారు కరకట్ట యని గ్రహింపవచ్చును. వఱద వచ్చినపుడు లంకవాసులు పిల్లలను, పశువులను తోలుకొని చేరునది ఆ కట్టమీదికే. అనువాదము వారిని రక్షణస్థానమునుండియే దిగుమని చెప్పినట్లగును. 'ఒడ్డున నున్నవారు' అనినను చాలదు; ఒడ్డునకును కట్టకును నడుమ లంకపొలములలో నున్నవాడు 'నేను ఒడ్డున లేనుగదా' యని నిశ్చింతగా నుండును. 'కట్ట లోపల', 'కట్ట వెలుపల' అనుటయు సందిగ్ధమే. మనవారికి లోపల యన్న రెండు కట్టల నడుమ ఏరున్న వైపు. పరదేశికి లోపల యన్న రక్షింపబడిన ఊరివైపు. కావున 'కట్టకు ఏటివైపున నున్నవారందఱును కట్టదాటి ఊరివైపునకు రావలెను' అని చెప్పుటయే క్షేమము. ఆంగ్లమున ఒక పదమున్నచోట తెలుగున నాలుగు పదములైనను లోపము లేదు.

ఈ విచారణమువలన తేలిన మార్గమును సంక్షేపించి చెప్పెదము. 'బ్యాంకు' ఎదురైనపుడు అనువాదకుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది ఏరు చేసినదా, మనుష్యుడు చేసినదా? ఏరు చేసినదైన ఒడ్డు, మేట, తిన్నె. మనుష్యుడు చేసినదైన గట్టు, కట్ట. నీరు దీనిని నిత్యము తాకుచున్నదా, వఱదలో మాత్రమే తాకునా? వఱదలో మాత్రమే యైన కరకట్ట. చెప్పువాడు ఎటువైపున నిలిచి చెప్పుచున్నాడు? దానిని బట్టి ఇవతల, ఆవల, ఏటివైపు, ఊరివైపు. ఈ మూడును తెలిసినపిమ్మట మాట తనంత తానే వచ్చును. తెలియనిచో నిఘంటువులన్నియు తోడైనను రాదు.

ఆంగ్లభాష దీనిలో దరిద్రమైనదని మేమనము. ఆ దేశపు చిన్న యేళ్లకు ఒక్క మాట చాలియుండును. ఏడాదికొకమాఱు సముద్రమంతయై వచ్చు ఏటిప్రక్కన బ్రదుకువారికి చాలదు. తాత ఒడ్డున నాగలిపట్టిన పొలమును మనుమడు ఏటిలో చూపవలసివచ్చు సీమ యిది. ఇచ్చట ఒడ్డునకు ఒక మాట, గట్టునకు ఒక మాట, కట్టకు ఒక మాట ఉండుట అలంకారము కాదు, అవసరము. కరకట్టమీద పెరిగిన విద్యార్థులు మన శాఖలకు ఇంకను వచ్చుచున్నారు. వారి ఇండ్లలోని పెద్దలు వాడు ఈ మాటలను, వానితో పొత్తు కుదురు క్రియలను, ఊరూరునను అడిగి వ్రాసికొనుట వారివలననే కాగల పని. ఆ పనిని వారు చేపట్టుదురుగాక యని కోరుచున్నాము.